పది రోజుల ఉపవాసం

ఆ బస్సు డిపోలో డ్రైవర్లు ఏడాదికి పది రోజులు మహా నిష్ఠగా ఉంటారు. ఏ దేవుడి కోసమూ కాదు, రక్తపరీక్ష కోసం. వైద్య పరీక్ష తేదీ నోటీసు బోర్డు మీద పడగానే వేళ్ళ మీద వెనక్కి లెక్కపెట్టుకుని, సరిగ్గా పది రోజుల ముందు నుంచి నోరు కట్టేసుకుంటారు. ఈ పద్ధతి కనిపెట్టిన మహానుభావుడు ఎవరో గానీ, ఏనాడో రిటైరయి ఉంటాడు. కొత్తగా చేరినవాడికి ఏ బండిలో ఏ గేరు మొరాయిస్తుందో చెప్పడం కంటే ముందు ఇదే చెబుతారు. పది రోజులు పస్తుండు, నీళ్ళు తాగు, చక్కెర జబ్బు మాత్ర ఒకటికి రెండు మింగు, రక్తంలో చక్కెర దానంతటదే దిగుతుంది, బండి నడపొచ్చని కార్డు మీద ముద్ర పడుతుంది. ముద్ర పడిన మధ్యాహ్నం మామూలుకి రెట్టింపు వండాలని క్యాంటీను వంటవాడికి కూడా తెలుసు. ఆ పూట అందరూ కరువు తీరా తిని బల్లల మీదే కునికిపాట్లు పడతారు.

గున్నన్నకి ఈ నిష్ఠ పదకొండో ఏడు. అతని అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. చేరిన కొత్తలో ఎవరో గున్నేనుగులా ఉన్నాడన్నారు, అది గున్నన్నగా స్థిరపడిపోయింది. సీటు వెనక్కి జరిపితే కాలికి బ్రేకు అందదు, ముందుకు జరిపితే పొట్టకు స్టీరింగు తగులుతుంది. ఆ రెండింటి మధ్య దొరికిన అంగుళం జాగాలో ఇరవై మూడేళ్ళు ఒక్క మనిషికి గీత పడకుండా నడిపాడు. ఆ సంగతి తన నోటితో తను చెప్పుకోడు కానీ, ఎవరైనా చెబితే ఆపడు.

నాలుగో రోజు పొద్దున అతని కడుపులోకి పోయింది పంచదార లేని గ్లాసెడు టీ, రెండు మాత్రలు. డాక్టరు రాసింది ఒకటే. రెండోది డిపో వైద్యం. భార్య కట్టిన టిఫిను డబ్బాను గడప దగ్గరే వదిలేసి వచ్చాడు.

ఏడూ నలభై ట్రిప్పు. మార్కెట్టు స్టాపు దాకా బాగానే ఉంది. మూడు రోజులుగా కడుపులో పరుగెత్తిన ఎలుకలు కూడా అలసిపోయినట్టు ఊరుకున్నాయి. ఆకలి చచ్చిపోయింది. అదేదో గెలుపులా అనిపించి లోపల్లోపల మురిసిపోయాడు. మార్కెట్టు దాటాక ఆవలింతలు మొదలయ్యాయి. కిటికీలోంచి చల్లగాలి కొడుతున్నా మెడ వెనక చెమట పట్టింది. గేరు మారుద్దామని చెయ్యి చాచితే ఆ చెయ్యి తనది కాదేమో అనిపించింది.

ఆ తర్వాత అతనికి తెలిసింది భుజం మీద ఎవరిదో చెయ్యి.

"అన్నా! అన్నా! ఆపు. పక్కకి తీసి ఆపు."

కండక్టరమ్మ. ఆమె ఎప్పుడూ డ్రైవరు దగ్గరికి నడిచి రాదు, వెనక తలుపు దగ్గర గంట తాడు పట్టుకునే ఉంటుంది. గున్నన్న బ్రేకు తొక్కాడు. ఎదురుగా వంతెన కనిపించింది. వంతెన ఎలా వచ్చిందో అర్థం కాలేదు.

"ఏమయ్యా, చెవుల్లో దూది పెట్టుకున్నావా?" వెనకనుంచి ఎవరో అరిచారు. "రెండు స్టాపులు దాటించేశాడండీ మహానుభావుడు!"

ఒక కంటికి గాజుగుడ్డ కట్టుకున్న ముసలావిడ సీటు కమ్మీ పట్టుకుని లేచి నిలబడింది. "నన్ను కళ్ళాసుపత్రి దగ్గర దింపమన్నాను కదమ్మా. ఎనిమిదింటికల్లా రమ్మన్నారు. ఒంటికన్నుతో అంత దూరం వెనక్కి ఎలా నడవను?"

కండక్టరమ్మ గున్నన్న మొహంలోకి వంగి చూసింది. అతని చొక్కా నీళ్ళలో ముంచి తీసినట్టుంది. ఆమె సంచీలో చెయ్యి పెట్టి, ఏడ్చే పిల్లల కోసం ఉంచుకునే పిప్పరమెంట్లు రెండు తీసింది.

"నోరు తెరు."

తెరిచాడు. చంటిపిల్లాడిలా తెరిచాడు. అవి కరిగే లోపల ఆమె ముసలావిడని దింపి, రోడ్డు దాటించి, ఎదురొచ్చిన బస్సు ఎక్కించి వచ్చింది. అయిదు నిమిషాలకి చేతులు మళ్ళీ అతనివయ్యాయి. జనం గొణుక్కుంటూ కూర్చున్నారు. బండి కదిలింది. అప్పుడు కదిలించి ఉండకూడదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

చివరి స్టాపు రైల్వే స్టేషను దగ్గర అందరూ దిగిపోయాక గున్నన్న సీట్లో కూర్చునే దారంతా వెనక్కి తలుచుకున్నాడు. మార్కెట్టు గుర్తుంది. దాని తర్వాత బడి మలుపు, అక్కడ సిగ్నలు, కళ్ళాసుపత్రి, ఇంకో స్టాపు, ఆ తర్వాత వంతెన. మార్కెట్టుకీ వంతెనకీ మధ్య ఏమీ లేదు. బడి మలుపులో బండిని ఎవరు తిప్పారు? తనే తిప్పి ఉంటాడు, చేతులకి ఇరవై మూడేళ్ళ అలవాటు. కానీ ఆ వేళకి అక్కడ పిల్లలు రోడ్డు దాటుతుంటారు. వాళ్ళు దాటుతున్నారో లేదో చూడాల్సిన కళ్ళు మాత్రం అక్కడ లేవు.

సాయంత్రం బండి అప్పగించి వస్తుంటే చువ్వ ఎదురుపడ్డాడు. చువ్వ కూడా డ్రైవరే. పేరుకు తగ్గట్టు గాలి వస్తే పట్టుకోవాలనిపించే మనిషి, అతనికీ చక్కెర జబ్బే. ఇద్దరూ ఒకే బ్యాచిలో చేరారు, అప్పటినుంచీ బావా అంటే బావా.

"నీ మీదకి రాలేదులే బావా," అన్నాడు చువ్వ, గొంతు తగ్గించి. "ఆ ముసలావిడ కొడుకు వచ్చి కాగితం రాసిచ్చాడు. మేనేజరు ఏం చేశాడో తెలుసా? ఇరవై మూడేళ్ళుగా మచ్చ లేని డ్రైవరు, గంట కొడితే ఆపకుండా ఉంటాడా, గంట కొట్టి ఉండరు అన్నాడు. కండక్టరమ్మకి మెమో ఇచ్చాడు."

గున్నన్న గుండెల మీదనుంచి బండ దిగింది. దిగినందుకు సిగ్గేసింది కానీ, అది కాసేపటి తర్వాత.

"పాపం, ఆవిడ పేరు ఈసారి ఇన్‌స్పెక్టరు ప్రమోషనుకి పైకి పంపిన జాబితాలో ఉందట," అన్నాడు చువ్వ. "సర్వీసు పుస్తకంలో ఎర్రగీత పడితే ఎగిరిపోతుంది. ఏం చేస్తాం, ఎవరి కర్మ వాళ్ళది. నువ్వు మాత్రం ఆరు రోజులు బిగపట్టు. నాకింకా నయం, మా వంతు పరీక్షకి నెలన్నర ఉంది."

గున్నన్న ఇంటికి నడిచే వెళ్ళాడు. దారిలో ఎవరు నవ్వినా తనని చూసే నవ్వారనిపించింది. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పి నేరుగా వంటింట్లోకి పోయాడు. పొయ్యి పక్కన అన్నం గిన్నె, దాని మీద మూత, మూత మీద కూర గిన్నె. నిలబడే మొదలుపెట్టాడు. ఆవురావురుమంటూ తిన్నాడు అంటే అది చిన్నమాట. చివరి స్టాపులో బండి తిప్పుకునే పది నిమిషాల్లో ఏడు నిమిషాలు తిండికి, మూడు నిమిషాలు మిగతావాటికి. ఏళ్ళ తరబడి అలా తినీ తినీ అతనికి నమలడం ఎప్పుడో పోయింది. ముద్ద పెట్టడం, మింగడం, చెయ్యి మళ్ళీ గిన్నెలోకి. భార్య గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"పరీక్ష అయిపోయిందా?"

"లేదు."

"మరి?"

కూర గిన్నె వంచుకున్నాడు. అడుగు గీరిన చప్పుడయ్యాక తలెత్తాడు. గిన్నెలో మెతుకు లేదు. అప్పుడు చూశాడు, ఆమె చేతిలో రెండు కంచాలున్నాయి. ఆ గిన్నె ఇద్దరికని వండింది.

ఆమె కంచాలు గూట్లో పెట్టేసి, పొద్దుటి రొట్టెముక్క ఒకటి తీసుకుని పీట మీద కూర్చుని మెల్లగా తింది. తిన్నాక అంది, "నువ్వు పస్తున్నప్పుడూ నాకు భయమే, తింటున్నప్పుడూ భయమే. ఆ రెండింటి మధ్యలో ఎప్పుడైనా ఉంటావా?"

గున్నన్న గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. పొద్దున జరిగింది చెప్పాడు. గంట సంగతి, మెమో సంగతి, పిప్పరమెంట్ల సంగతి. ఆమె మధ్యలో ఒక్కసారే అడ్డం వచ్చింది.

"బడి దగ్గర పిల్లలున్నారా అప్పుడు?"

"తెలీదు."

"తెలీదంటే?"

"తెలీదంటే తెలీదే! నేను చూళ్ళేదు."

ఆమె రొట్టె తిన్న చేతిని చాలాసేపు కడుక్కుంది.

మర్నాడు డ్యూటీకి గంట ముందే డిపోకి వెళ్ళాడు. మెట్ల కింద గదిలో నర్సమ్మ కూర్చుంటుంది. రేపోమాపో రిటైరయ్యే మనిషి, డిపోలో సగం మందిని నాయనా అని, మిగతా సగాన్ని ఒరే అని పిలుస్తుంది. గున్నన్న తలుపు దగ్గరగా వేసి నిలబడ్డాడు.

"ఒక మాట అడగాలి నర్సమ్మా. నాకు కాదు, నా స్నేహితుడికి."

"కూర్చో. నీ స్నేహితుడి వేలు ఇలా ఇవ్వు."

గుచ్చింది. చిన్న యంత్రం మీద అంకె చూసి అతని వైపు తిప్పింది. నిన్న తిన్నదంతా అక్కడ కూర్చుని ఉంది.

"పైకి పోయింది. నిన్న పొద్దున నువ్వు స్టాపులు దాటించినప్పుడు ఇది నేలకి దిగి ఉండాలి, అవునా? కళ్ళు తిరిగాయా, మతి పోయిందా?"

"మతి పోయింది," అన్నాడు. స్నేహితుడు ఆ గదిలోంచి అప్పుడే వెళ్ళిపోయాడు.

నర్సమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "పోనీ ఈ బాధంతా పడి ఏం సాధిస్తారో అదీ చెప్తాను విను. ఈ ఏడు కొత్త పరీక్ష తెచ్చారు. రక్తం ఒక్క చుక్క చాలు, మూడు నెలలుగా నువ్వు ఏం చేశావో సరాసరి చెప్పేస్తుంది. నీ పది రోజుల పస్తు దానికి లెక్కలోకే రాదు. కాగితం నిన్ననే వచ్చింది, ఇంకా బోర్డు మీద పెట్టలేదు."

గున్నన్నకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పిల్లలు దాటే మలుపులో కళ్ళు మూసుకుని తిరిగింది ఎలాగూ పడని ముద్ర కోసం.

"అయితే తిండి తగ్గించడం తప్పంటావా? పెద్దవాళ్ళే అన్నారుగా, ఒక పూట తింటే యోగి, మూడు పూటలు తింటే రోగి అని."

"పెద్దవాళ్ళు రెండు మాత్రలు మింగి బస్సు నడుపుతూ అన్నారా?" నర్సమ్మ కసిరింది. "కడుపుకి విరామం మంచిదే, నేను కాదనను. కానీ మెల్లగా అలవాటు చెయ్యాలి. నలభై మంది నిలబడ్డ బండిలో ఒక్కసారిగా బ్రేకు తొక్కుతావా? తొక్కవు కదా, దూరం నుంచే కాలు తీస్తూ వస్తావు. ఇదీ అంతే. ఇంట్లో ఉన్నరోజు ఎన్నింటికి తింటావు?"

"తొమ్మిదిన్నర, పది."

"ఈ వారం తొమ్మిదికి తిను. వచ్చే వారం ఎనిమిదిన్నరకి. తగ్గించేది ఒక్క గరిటె, అంతకంటే వద్దు. మారు అడగకు. తిన్నాక పొద్దుటిదాకా మంచినీళ్ళే. తొమ్మిది గంటల విరామం పదవుతుంది, పది పన్నెండవుతుంది. అక్కడ ఆగు, అంతకు మించి నీకొద్దు. పొద్దున మాత్ర వేసుకున్నావంటే తిని తీరాలి. మాత్ర ఎన్నో చెప్పాల్సింది డాక్టరు. ఇవాళ మధ్యాహ్నం వస్తాడు, చూపించుకుందువు గాని. ఇంకోటి చెప్పనా? నువ్వు తినేటప్పుడు చూశాను. స్టీరింగు వదిలి తిను నాయనా. కంచం ఎక్కడికీ పారిపోదు."

"మరి ఇవాళ బండి?"

"ఎక్కకు. నేను సెలవు చీటీ రాస్తాను. అందులో ఏం రాయాలో నువ్వు చెప్పు, జ్వరమా, నిజమా?"

చీటీ రాయించుకోకుండానే బయటికొచ్చాడు.

కండక్టర్ల గదిలో ఆమె ఒక్కతే ఉంది. టిక్కెట్ల యంత్రం మూత తెరిచి, కాగితం చుట్టని లోపల సర్దుతోంది. చుట్ట వంకరగా కూర్చుంటే టిక్కెట్టు సగమే వస్తుంది. తీసి మళ్ళీ పెట్టింది, మళ్ళీ తీసింది.

"మెమోకి జవాబు రాశావా చెల్లెమ్మా?"

"రాసిచ్చేశాను. గంట కొట్టడం మర్చిపోయానని."

"కొట్టావు కదా!"

"రెండుసార్లు కొట్టాను. మూడోసారి తాడు తెగేలా లాగాను. అయితే ఏంటి?" తలెత్తకుండానే అంది. "తప్పు నాది అయితే ఒక గీతతో పోతుంది. నీది అయితే సీటే పోతుంది. ఏది చిన్నదో అది రాశాను."

"ఇన్‌స్పెక్టరు జాబితా?"

ఆమె చేతిలో కాగితం చుట్ట ఆగింది. "ఈ చువ్వకి నోట్లో నువ్వుగింజ నానదు," అంది.

"నేను వెళ్ళి చెప్పేస్తాను."

అప్పుడు లేచింది. ఇన్నేళ్ళలో ఆమె గొంతు పెంచడం గున్నన్న వినలేదు. "ఏం చెప్తావు? నువ్వు నిజం చెబితే నేను అబద్ధం రాసినట్టవుతుంది. గంట కొట్టకపోతే గీత. అబద్ధం రాస్తే విచారణ. ఒకరితో పోయేదానికి ఇద్దరం పోదామంటావా? ఇంకో అయిదు రోజులు ఎలాగోలా ఓర్చుకో అన్నా. సెలవు పెట్టు, ముద్ర వేయించుకో. తర్వాత నిదానంగా తిను, నిదానంగా తగ్గించుకో, ఎవరొద్దన్నారు?"

"పరీక్ష మారింది, పస్తుకి ముద్ర పడదట. పడినా, ముద్ర పడ్డాక నిదానంగా తిన్నవాణ్ణి ఈ డిపోలో ఒక్కణ్ణి చూపించు," అన్నాడు గున్నన్న.

ఆమె చూపించలేకపోయింది. అతనికి ఆమె మీద కొండంత గౌరవం కలిగింది. ఆమె చేసిన మేలు ఉంచుకుంటే ఈ డిపోలో మళ్ళీ ఇదే పస్తు, ఇదే మలుపు. వద్దంటే ఆమె మేలు ఆమె మెడకే చుట్టుకుంటుంది. చివరికి మేనేజరు గది వైపు నడిచాడు.

మేనేజరు మంచివాడూ కాదు, చెడ్డవాడూ కాదు. బండ్లు వేళకి బయటికి పోతే చాలుననుకునే మనిషి. గున్నన్న చెప్పింది విని చిరాకుపడ్డాడు.

"ఆవిడే కొట్టలేదని రాసిచ్చింది కదయ్యా. అయిపోయినదాన్ని మళ్ళీ ఎందుకు కెలుకుతావు?"

"నా కోసం రాసింది సార్. ఆవిడ కొట్టింది. నేనే వినలేదు."

"వినలేదంటున్నావు. వినకపోతే కొట్టిందని నీకెలా తెలుసు?"

"బస్సులో అందరూ విన్నారు సార్. ఆ కళ్ళాసుపత్రి ముసలావిడని అడగండి, ఆవిడకి కనపడకపోయినా వినపడుతుంది."

మేనేజరు కుర్చీ వెనక్కి వాల్చాడు. "పది రోజుల పస్తు సంగతి నాకు తెలీదనుకున్నావా? అందరికీ తెలుసు. పైవాళ్ళకీ తెలుసు. ముద్రలు పడుతున్నాయి, బండ్లు నడుస్తున్నాయి. నీ మాట కాగితం మీద పెడితే రేపు ఈ డిపోలో సగం మందిని దింపాలి. నడిపేదెవరు, నువ్వా నేనా?"

"నాకు బడి మలుపు గుర్తులేదు సార్."

"అంటే?"

"బండి తిప్పాను. ఎలా తిప్పానో గుర్తులేదు. పిల్లలున్నారో లేదో తెలీదు."

కిటికీ అవతల ఎవరో టైరుని సుత్తితో కొట్టి గాలి చూస్తున్నారు. ఆ చప్పుడు ఆరు చక్రాలకీ అయ్యాక మేనేజరు, రాసివ్వమని తెల్లకాగితం ఒకటి జరిపాడు.

ఆ మధ్యాహ్నానికి అన్నీ తేలిపోయాయి. డాక్టరు చూసి మాత్రలు మార్చాడు. కొత్త పరీక్షలో నెగ్గేదాకా, అంటే తక్కువలో తక్కువ మూడు నెలలు, గున్నన్న బండి ఎక్కకూడదు. గేటు దగ్గర బయటికి పోయే బండ్లని చూసి పంపాలి. కండక్టరమ్మకి ఎర్రగీత పడలేదు కానీ, అబద్ధం రాసినందుకు పది నిమిషాలు నిలబెట్టి చీవాట్లు పెట్టారు. బయటికొచ్చాక ఆమె గున్నన్న పక్కనుంచే వెళ్ళింది, అతను అక్కడ లేనట్టు.

ఆ రాత్రి ఇంట్లో తొమ్మిదింటికల్లా కంచాలు వేశారు. రెండు కంచాలు, ఎదురెదురుగా. ఒక గరిటె తగ్గించి పెట్టమన్నాడు. పెట్టింది. అతను మొదటి ముద్ద మింగబోయి ఆగి, నమిలాడు. దవడలు నొప్పెట్టాయి. కూరలో ఇంత పులుపుంటుందని పాతికేళ్ళ కాపురంలో అప్పుడే తెలిసింది. కంచం ఖాళీ అయింది. అలవాటుగా ఆమె గరిటె ఎత్తింది. అతను కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

గరిటె అలాగే గాల్లో ఉండిపోయింది. "బాగాలేదా?"

"బాగుంది. బాగుంది కాబట్టే తెలిసింది, చాలని."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వద్దనిపించుకోవడం ఆమెకి అలవాటు లేదు. ఆలస్యంగా వచ్చే మనిషికి ఎక్కువ పెట్టడమే ఇన్నాళ్ళూ ఆమె చెప్పగలిగిన ఆప్యాయత. గరిటెలో ఉన్నది తన కంచంలో వేసుకుని తినసాగింది. ఆమె తినేదాకా అతను లేవకుండా కూర్చున్నాడు. అదీ ఆ ఇంట్లో కొత్తే.

పడుకునే ముందు మళ్ళీ ఆకలేసింది. నీళ్ళు తాగాడు. వంటింటి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. అరగంటకి ఆ ఆకలి తనంతట తనే వెళ్ళిపోయింది. అంటే అది ఆకలి కాదు, వేళ. మొదటి వారం రోజూ వచ్చింది. రెండో వారం ఒకటి రెండుసార్లు వచ్చి, పలకరించేవాళ్ళు లేక మానుకుంది. తొమ్మిది ఎనిమిదిన్నరయింది, ఎనిమిదిన్నర ఎనిమిదయింది. ఒకరోజు క్యాంటీనులో ఎవరో బలవంతం చేస్తే మూడు కంచాలు లాగించి, నర్సమ్మ దగ్గరికి దొంగలా వెళ్ళాడు. ఆమె తిట్టలేదు. "రేపు మళ్ళీ మొదలుపెట్టు. అంతేగానీ దీనికి శిక్షగా పస్తుండేవు సుమా," అంది. పొట్ట పెద్దగా తగ్గలేదు. గేటు దగ్గర డ్రైవర్లు అందరూ, "ఏం గున్నన్నా, యోగివయ్యావా, రోగివయ్యావా?" అని హారను కొట్టి మరీ అడిగేవాళ్ళు. "వాచ్‌మన్‌నయ్యాను," అనేవాడు. రాత్రుళ్ళు మాత్రం బండి హారను మోత విన్నప్పుడు చేతులు స్టీరింగు కోసం తడుముకునేవి. దాన్ని ఎవరికీ చెప్పలేదు.

గేటు డ్యూటీలో నలభై ఒకటో రోజు పొద్దున ఏడూ నలభై బండి గేటు దగ్గరికొచ్చింది. ఇప్పుడది చువ్వ నడుపుతున్నాడు. వెనక తలుపు దగ్గర కండక్టరమ్మ. ఆమె ఈ నలభై రోజులూ గేటు దాటేటప్పుడు రోడ్డు అవతలి వైపే చూసేది. గున్నన్న టైర్లు చూశాడు, లైట్లు వెయ్యమన్నాడు. లైట్లకి బదులు వైపర్లు కదిలాయి. రెండోసారి కూడా వైపర్లే.

తలెత్తి చూశాడు. చువ్వ పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"ఏం తిన్నావు బావా?"

"టీ."

"మాత్రలు?"

చువ్వ స్టీరింగు మీదనుంచి రెండు వేళ్ళు లేపాడు.

"పది రోజుల పస్తు ఆ కొత్త పరీక్షకి పనికిరాదని బోర్డు మీద పెట్టారు కదరా!"

"పెట్టారు. అయినా ఎంతో కొంత తగ్గదా అని... ఇంకో నాలుగు రోజులే బావా. గేటు తియ్యి, వేళయింది."

గున్నన్న గేటు తియ్యలేదు. కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పి ఊడబెరికాడు. ఇంజను ఆగిపోయింది. తన కుర్చీ దగ్గర డబ్బా ఉంది, తన మాత్ర వేసుకుని ఎనిమిదింటికి తినాల్సింది. మూత తీస్తే రెండు రొట్టెలు, కూర. ఒక రొట్టె చువ్వ చేతిలో పెట్టాడు.

"నీ సీటు పోయిందని నా సీటు మీద పడ్డావా?" అన్నాడు చువ్వ. "మనకి తెలిసిందల్లా తిండి మానడం. ఇంకేం తెలుసు మనకి?"

"నాకూ తెలీదురా. నేర్చుకుంటున్నాను. ముందు తిను. నమిలి తిను."

చువ్వ తిన్నాడు. మొదట విసురుగా, తర్వాత రెండు చేతులతో పట్టుకుని. కండక్టరమ్మ దిగి వచ్చింది. ఎవరూ చెప్పకుండానే మెట్ల కిందికి వెళ్ళి నర్సమ్మని పిలుచుకొచ్చింది. నర్సమ్మ వేలు గుచ్చింది, పావుగంట ఆగి మళ్ళీ గుచ్చింది, ఇంకో పావుగంట ఆగమంది. వెనక నాలుగు బండ్లు వరసగా నిలబడిపోయాయి. హారన్లు మోగుతున్నాయి.

"మరి నీకు, అన్నా?" అంది కండక్టరమ్మ, డబ్బాలో మిగిలిన రొట్టె వైపు చూసి. నలభై రోజుల తర్వాత మొదటి మాట.

"ఒకటుంది కదా చెల్లెమ్మా. సరిపోతుంది."

ఆ మాట అనేశాక అతనికే ఆశ్చర్యం వేసింది. అది నిజం.

చువ్వ పెదాలకి మళ్ళీ రంగు వచ్చింది. గేటు పుస్తకం చూసి మళ్ళీ కంగారుపడ్డాడు. ఏ బండి ఎంత ఆలస్యమైందో, ఎందుకైందో, ఎవరివల్లో అందులో రాయాలి. "టైరులో గాలి లేదని రాయి బావా. అందరూ అదే రాస్తారు. ఎవరూ చూడరు."

గున్నన్న పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాడు. పై వరసల నిండా టైర్లే, బ్యాటరీలే, నీళ్ళే. తీరిగ్గా రాశాడు. కారణం అన్నచోట, డ్రైవరు ఏమీ తినలేదు. ఎవరివల్ల అన్నచోట కలం ఆగింది. చువ్వ పేరు రాస్తే అన్యాయం. తన పేరు రాస్తే అబద్ధం. కాసేపు ఆలోచించి, డిపో, అని రాశాడు.

కండక్టరమ్మ వంగి చదివింది. కలం అడిగి తీసుకుని, దాని పక్కన తన సంతకం పెట్టింది. ఇన్‌స్పెక్టర్ల జాబితా ఇంకా పైనుంచి రాలేదని ఆమెకి తెలుసు.

అప్పుడు వెనక వరసలో హారన్లు ఆగాయి. ఒక ఇంజను ఆగింది. ఆ బండి డ్రైవరు దిగి, ఇటూ అటూ చూసి, గేటు దగ్గరికి నడిచి వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, గున్నన్నని రోజూ యోగీ అని వెక్కిరించేవాడు.

"నేనూ నిన్నట్నుంచి తినలేదన్నా," అన్నాడు, నేల వైపు చూస్తూ.

అతని వెనక ఇంకో ఇంజను ఆగింది.

గున్నన్న పుస్తకంలో కింది వరస రాయబోయి, ముందు డబ్బా అతని వైపు జరిపాడు. "సగం నీది, సగం నాది," అన్నాడు. "కూర్చుని తిను."